మంచె మీద మూడో పలక

"చింతచెట్టు పాపేనా మాట్లాడేది?" అని అడిగింది ఫోనులో ఒక ముసలి గొంతు.

నేనప్పుడు పాల క్యాను కడుగుతున్నాను. నాకు నలభై ఆరేళ్ళు. ఈ వయసులో నన్ను పాపా అని పిలిచే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు, చింతచెట్టుతో కలిపి పిలిచేదీ ఆయనొక్కడే. ఆ మాట ఆయన గొంతులో కాకుండా ఇంకొకరి గొంతులో వినేసరికి నాకు విషయం తెలిసిపోయింది. క్యాను కింద పెట్టేశాను.

"మా ఇంటాయన నిన్న పొద్దన్నే పోయినాడమ్మా. గోడ మీద నెంబర్లు రాసిపెట్టుకోనుండాడు. వరసగా అందరికీ చేసి సెప్తా ఉండా" అంది ఆమె. రేపు జియారతు, అదే మూడోరోజు ప్రార్థన, అని చెప్పి, ఇంకా చాలామందికి చెప్పాలని పెట్టేసింది. అయ్యో అన్న మాట కూడా ఆమె పెట్టేశాకే వచ్చింది నాకు. నోరు పెద్దదని ఊరంతా అనే మనిషిని నేను.

ఆయన మంచెలు కట్టేవాడు. ఐరాల పక్కన కొండ కింద, మేం వంక అనే చిన్న వాగు ఒడ్డున చేలున్న మాకు అడవిపందులతో పడే బాధ ఇంతా అంతా కాదు. చెనక్కాయ, అదే వేరుశనగ, ఊరే రోజుల్లో మంద దిగిందంటే తెల్లారేసరికి చేను దున్నిపెట్టినట్లుంటుంది. అందుకని గట్టు మీది చెట్టుకు మంచె వేసుకుని, డబ్బా కొడుతూ, కేకలు పెడుతూ కాపలా కాస్తాం. మా ఊళ్ళో ఎవరికి వాళ్ళు కొమ్మల మధ్య నాలుగు కర్రలు అడ్డం పడేసి దాన్నే మంచె అనేస్తారు. రెండు వానలకు అది ఒరిగిపోతుంది. ఆయన కట్టింది ఒరగదు. చిత్తూరులో కట్టెల మిల్లులో పలకలు కోసి కోసి, ఆ పని మానేశాక పాత మోపెడ్ మీద కొబ్బరి తాళ్ళ చుట్టలు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. జనం మంచె సాయిబు అనేవాళ్ళు. నేను మామా అనేదాన్ని.

మొదటిసారి వచ్చినప్పుడు మా చింతచెట్టు చూపించాను. ఆయన చెట్టు వంక చూడనన్నా చూడలేదు. మొదలు దగ్గర చతికిలబడి, మానుకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎండలో నేను నిలబడే ఉన్నాను. పావుగంటయింది. నాకు ఒళ్ళు మండింది.

"నిద్రపోయేదానికి వచ్చినావా మామా? ఇంటికాడ మంచం లేదా?"

"సూస్తానే ఉండా పాపా. నువ్వు పోయి టీ ఎత్తకరా."

టీ తెచ్చేసరికి గాలి లేచింది. అప్పుడు కళ్ళు తెరిచాడు. "వంక పక్కకు ఎక్కువ ఊగతాది మీ సెట్టు. ఈపుకు తెలస్తాది. ఆ పక్క తాడు వదులుగా ఇయ్యల్ల" అన్నాడు. గాలి కోసమే కూర్చున్నాడని నాకప్పుడు అర్థమై నాలుక కరుచుకున్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి ఇచ్చాడు.

చెట్టుకు మేకు కొట్టేవాడు కాదు. ఒక్కటి కూడా. "కొడితే ఏమయితాది?" అంటే, "ఏం కాదు, ఓర్సుకుంటాది. ఓర్సుకుంటాదని కొట్టేదా?" అనేవాడు. సరుగుడు వాసాలు, మామిడి పలకలు, నీళ్ళలో నానేసిన కొబ్బరి తాడు, అంతే సరంజామా. నేరేడు మీద మాత్రం ఎవరెంత బతిమాలినా కట్టేవాడు కాదు, ఆ కొమ్మ చెప్పకుండా విరుగుతుందని. అన్నం తిన్నాక చేతులు గడ్డికి తుడుచుకుని, మట్టి రుద్దుకుని, మళ్ళీ కడుక్కునేవాడు. నూనె చేత్తో తాడు పట్టకూడదట. మా ఇంట్లో సంగటి, ఊరిబిండి పచ్చడి పెడితే మాత్రం ఆ చేతులు కడిగే పని చాలాసేపు వాయిదా పడేది.

"ఎక్కేది నువ్వా, మీ ఆయనా?" అని అడిగాడు ఆ రోజు.

"నేనే. మాయన పాల వ్యాను తోలతాడు, పెందలాడే పడుకోవల్ల."

"అట్లయితే మెట్లు దగ్గర దగ్గరగా ఏస్తా. కోకతో ఎక్కేదానివి."

అంతకు ముందు ఏ మంచె ఎక్కాలన్నా చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కింద ఎవరున్నారోనని చూసుకుంటూ ఎక్కేదాన్ని. మా ఊరి మగవాళ్ళలో ఒక్కరికీ తట్టని సంగతి ఇది, నా మొగుడితో సహా. ఆ ఒక్క మాటకే ఆయన నాకు అయినవాడైపోయాడు.

ఆయనకు ఒకటే గర్వం. నలభై ఏళ్ళలో చెట్టు మీది నుంచి ఒక్కసారి కూడా పడలేదు. ఎవరైనా కొత్తవాళ్ళు కనిపిస్తే చాలు, లుంగీ మోకాళ్ళ దాకా ఎత్తి చూపించేవాడు. "సూడప్పా, ఒక్క గాటుంటే సెప్పు. సిన్నబిడ్డ మోకాళ్ళు!" నిజంగానే నున్నగా ఉండేవి. మా అత్త ఒకసారి అది చూసి, "ముసలోడికి సిగ్గూ ఎగ్గూ లేదు" అని లోపలికి పోయింది. ఆయన పగలబడి నవ్వాడు.

ఇంత పనివాడికీ ఒక లోపం ఉండేది. మంచె మీద మూడో పలక కిర్రుమనేది. నిచ్చెన ఎక్కి పైకి వచ్చి, కూర్చునే చోటికి పోవాలంటే ఆ పలక మీద కాలు వేయకుండా కుదరదు. వేశామా, వంక అవతలి దాకా వినబడేది. కొత్త పలక, గట్టి తాడు, అయినా కిర్రు. మా ఒక్క మంచెకే కాదు, ఆయన కట్టిన ప్రతిదానికీ ఇదే జబ్బు. పక్క ఊరి రెడ్డి ఒకాయన అందరి ముందరా ఎగతాళి చేశాడు కూడా. "ఏం సాయిబూ, రెండు దాకా బాగానే వస్తాది, మూడోది నేర్సుకోలేదా?"

"రాలేదబ్బా నాకు ఆ మూడోది. సేతగాదు" అని తల గోక్కునేవాడు.

నేనూ ఊరుకోలేదు. "డబ్బులిచ్చి కిర్రు కొనుక్కున్నట్లుంది" అన్నాను. ఆయన తాడు కొసలు కత్తిరిస్తూ, "కిర్రుమంటే నువ్వు పైన ఉండావని తెలస్తాది గదా పాపా" అన్నాడు. నాకు తెలియడం ఎందుకు, ఉన్నది నేనే కదా అనుకుని నవ్వుకున్నాను.

ఆ తరువాత ఏటా చెనక్కాయ ఊరే రోజుల్లో, ఎవరూ పిలవకుండానే తాళ్ళు చూసి పోవడానికి వచ్చేవాడు. మోపెడ్ రోడ్డు మీదే ఆపి వంక గట్టు వెంబడి నడిచేవాడు. మంచె కిర్రుమంటే అక్కడినుంచే "ఎవురప్పా పైన?" అని కేక. "నేనే మామా, రా!" అని నేను. చేలో అడుగు పెట్టగానే వంగి ఒక చెనక్కాయ చెట్టు పీకి, మట్టి దులిపి, కాయలు ఎట్లా ఊరాయో చూసి నా చేతిలో పెట్టేవాడు. ఆరేళ్ళు ఇదే వరస.

ఏడో ఏడు పందులు మరీ పేట్రేగిపోయాయి. ఒక్క సాయంత్రం నేను ఇంటికి పోయి వచ్చేలోగా తూర్పు మడి మొత్తం తవ్వి పోశాయి. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. నా తమ్ముడు మా ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు. కానిస్టేబులు రాత పరీక్ష పాసై, పరుగు పరీక్ష కోసం పొద్దునా సాయంత్రం రోడ్డు మీద పరిగెత్తుతున్నాడు. వాడు ఎక్కడినుంచి తెచ్చాడో ఒక నాటు తుపాకి తెచ్చాడు. తప్పని నాకు తెలుసు. తవ్విపోసిన మడి కళ్ళ ముందుంది, గమ్మున ఉండిపోయాను.

"ఈ కిర్రు ఇనబడితే పంది యాడొస్తాదక్కా? దండోరా ఏసినట్లుండాది" అన్నాడు వాడు.

నేనే పోయాను. సుత్తి తెచ్చాను. మూడో పలకకు నాలుగు మేకులు కొట్టాను, కసి కొద్దీ. కాలేసి చూస్తే చప్పుడు లేదు. ఆరేళ్ళుగా ఒక ముసలాయనకు చేతకాని పనిని నాలుగు దెబ్బలతో చేసేశానని నాకు భలే సంబరమైంది.

మరుసటి రోజు సందెవేళ తమ్ముడు మంచె మీద ఉన్నాడు. నేను అవతలి గట్టున డబ్బా పట్టుకుని నిలబడ్డాను. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. వంక పక్కన చెనక్కాయ చెట్లు కదిలాయి. తమ్ముడు కాల్చాడు. ఆ వెంటనే వంకలోంచి "యా అల్లా!" అన్న కేక వినబడింది. ఆ గొంతు నాకు తెలుసు.

ఎట్లా పరిగెత్తానో తెలియదు. ఆయన వంకలో రాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. గుండ్లు తల మీదుగా పోయాయి, ఒక్కటీ తగల్లేదు. చప్పుడుకు అదిరి గట్టు మీది నుంచి వంకలోకి పడ్డాడు. కుడి మణికట్టు పక్కకు తిరిగిపోయి ఉంది. ఎడమ చేతిలో అప్పుడే పీకిన చెనక్కాయ చెట్టు అట్లాగే ఉంది. తమ్ముడు తుపాకితోనే దిగి వచ్చి నిలబడ్డాడు. ఆయన వాడి వంక చూడలేదు, మంచె వంక చూశాడు.

"పలకకు ఏమయింది పాపా? సప్పుడు రాలే. ఎవురూ లేరనుకున్న్యా."

నేను ఆయన మణికట్టు కిందికి నా చేయి ఆనించాను.

ఆ పూటకు చేతికి తుండు కట్టి మా ఇంట్లోనే పడుకోబెట్టి, తెల్లవారి మొదటి బస్సుకు పుత్తూరు తీసుకుపోయాను, కట్టు కట్టించడానికి. తమ్ముణ్ణి ఇంట్లోనే ఉండమన్నాను. కట్టు కట్టే ఆయన మణికట్టు తడిమి చూస్తూ, "ఎట్లయింది పెద్దాయనా?" అని మామూలుగా అడిగాడు. దారి పొడుగునా నేను దిగులుపడింది ఆ ప్రశ్నకే. తుపాకి మాట బయటికి వస్తే కేసు, కేసయితే తమ్ముడి ఉద్యోగం పోయినట్లే.

"మంచె మీద నుంచి పడినా" అన్నాడు ఆయన.

"ఈ వయసులో నీకెందుకయ్యా మంచెలు?"

"అవునబ్బా. వయసయిపోయింది. కాలు జారింది."

బల్ల మీద ఆయన లుంగీ కొంచెం పైకి జరిగి ఉంది. నున్నటి ఆ మోకాళ్ళు కనబడ్డాయి. ఆయన ఎడమ చేత్తో లుంగీ కిందికి లాక్కున్నాడు. నేను బయటికి వచ్చి గోడవారన నిలబడి ఏడ్చాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయనే మొదలుపెట్టాడు.

"పడుసులో ఉండంగా వేటగాళ్ళకు కట్టేవాణ్ణి పాపా. నా మంచె మీద మనిషి నడిస్తే కింద ఉండే కుందేలుకు గూడా తెలిసేది కాదు. అదే నాకు పొగరు. ఒక సందెపొద్దు ఒకామె సింతసిగురు కోసుకుండేదానికి ఆ సెట్టు కిందికొచ్చింది. పైన మనుషులుండారని ఆయమ్మకు తెలీదు. కింద ఉండేది మనిషని పైనోళ్ళకు తెలీదు. కాల్సినారు." కిటికీ రెక్క ఎడమ చేత్తో దించాడు. "సప్పుడయింటే ఆయమ్మ కేకేసుండును గదా. అంత బాగా కట్టినా నేను."

ఆ తరువాత తుపాకి వాళ్ళకు కట్టలేదట. చేలకు మాత్రమే కట్టాడు, ప్రతిదానిలోనూ మూడో పలకను కిర్రుమనేటట్లు పెట్టాడు. చేతగానివాడని అందరూ నవ్వితే నవ్వనిచ్చాడు. నవ్విన వాళ్ళలో నేను ముందున్నాను.

"నేనే మేకులు కొట్టినా మామా" అన్నాను.

"ఎన్ని?"

"నాలుగు."

"సెట్టుకు గూడానా?"

"లేదు. పలకకే."

"సరే అయితే" అన్నాడు. బస్సు దిగేటప్పుడు, "పిల్లోడికి సెప్పు, బాగా పరిగెత్తమని. పడిపోయినాననే సెప్తా ఇంట్లో గూడా. నువ్వు గమ్మునుండు" అన్నాడు.

గమ్మునే ఉన్నాను. ఎముక అతికింది కానీ డెబ్బై ఏళ్ళ చేతికి పట్టు తిరిగి రాలేదు. మంచె సాయిబు తాను కట్టిన మంచె మీది నుంచే పడ్డాడనే మాట ఊరూరా పాకింది. పాల కేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. "అదే సెప్తాండ్లా, ఆయప్పకు మూడో పలక పెట్టేదే రాదని!" అన్నాడు పక్క ఊరి రెడ్డి. లోకంలో ప్రతిదానికీ బదులు చెప్పే నేను పాలు కొలిచి పోసి వచ్చేశాను. ఆయనను ఎవరూ పిలవడం మానేశారు. తమ్ముడు పరుగు పరీక్ష పాసయ్యాడు, యూనిఫాం వేశాడు, నేను వీధిలో అందరికీ మిఠాయి పంచాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మేకులు మాత్రం పుత్తూరు నుంచి వచ్చిన మర్నాడే పీకేశాను. పలక కదులుతోంది కానీ కిర్రుమనడం లేదు. తాడు వదులు చేశాను, బిగించాను, కింద చెక్క ముక్క పెట్టాను. ఊహూ. మామిడికాయలు తీసుకుని చిత్తూరు పోయి ఆయననే అడిగాను. గడప మీద కూర్చుని, ఒక తాడు ముక్కను తలుపు గడియకు ముడి వేయాలని చూస్తున్నాడు. వేళ్ళు మూసుకోవడం లేదు.

"నోటితో సెప్పేది కాదు పాపా, సేత్తో సూపించాల" అని నవ్వి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ నవ్వును నేను మరిచిపోలేను.

జియారతు రోజు పోయాను. ఆడవాళ్ళు లోపలి గదిలో ఆయన భార్య చుట్టూ కూర్చుని ఉన్నారు. గుమ్మం పక్కన సున్నం గోడ మీద పెన్సిలుతో ఫోను నెంబర్లు ఉన్నాయి. ఒక్క మనిషి పేరు లేదు, అన్నీ ఆయన మంచె కట్టిన చెట్ల పేర్లే. ఇప్ప రెడ్డి, మద్ది అవ్వ, వేపచెట్టు అన్నదమ్ములు, చింతచెట్టు పాప. నాలుగేళ్ళుగా ఎవరూ పిలవకపోయినా ఒక్కటి కూడా కొట్టేయలేదు.

ఆయన కొడుకు గుమ్మంలో నిలబడి ఎవరితోనో అంటున్నాడు. "వయసయింది మానుకో అని ఎన్ని తూర్లు సెప్పినానో. ఇనలే. పడినాడు. ఆడికే మనిషి కుంగిపోయినాడు."

"పడలే" అన్నాను.

నా గొంతు నాకే పెద్దగా వినబడింది. అందరూ నా వైపు తిరిగారు. మొదలుపెట్టాక ఆపలేదు. మేకులు కొట్టింది నేనని చెప్పాను. కాల్చింది నా తమ్ముడని చెప్పాను. పుత్తూరులో ఆయన ఏమన్నాడో, ఎవరి కోసం అన్నాడో చెప్పాను. "నలభై ఏండ్లలో ఆయన సెట్టు మీది నుంచి ఒక్కతూరి గూడా పడలే. ఆ మాట ఎవురన్నా అంటే నన్నడగండి" అన్నాను. కొడుకు ముఖం ఎర్రగా అయిపోయింది. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. అతను బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె ముసుగు సర్దుకుంది. తరువాత మెల్లగా, కోపం లేకుండానే అంది. "ఈ మాట నాలుగేండ్ల కిందట సెప్పింటే, ఆయన్ను ఎవురో ఒకరు పిలిచిండేవాళ్ళు గదమ్మా. కట్టేదానికి కాకపోయినా, సెట్టు సూసేదానికన్నా."

ఆమె పాదాలు పట్టుకున్నాను. ఆమె వెనక్కి తీసుకోలేదు, నన్ను లేపనూ లేదు.

బస్టాండు నుంచే తమ్ముడికి ఫోను చేశాను. విని, "నన్ను అడగల్ల గదక్కా" అన్నాడు. "నలుగుర్లో సెప్పేసినావు. నా ఉజ్జోగం సంగతి?" అన్నాడు. "ఆయన సంగతి?" అన్నాను. ఫోను పెట్టేశాడు. ఇంతవరకు మళ్ళీ చేయలేదు. వాడు నా చేతుల మీద పెరిగినవాడు, కష్టంగానే ఉంది. అయినా మర్నాడు పాల కేంద్రం దగ్గర పక్క ఊరి రెడ్డిని ఆపి, మొదటినుంచి చివరి దాకా మళ్ళీ చెప్పాను.

ఈ ఏడు చెనక్కాయ బాగా ఊరింది. నిన్న సందెవేళ మంచె ఎక్కాను. కోకతో ఎక్కడానికి ఇప్పటికీ ఇబ్బంది లేదు, మెట్లు ఆయన వేసినవే. మూడో పలక మీద కాలు వేసి నిలబడ్డాను. చప్పుడు లేదు. కింద చేను, వంక, అవతల కొండ, అన్నీ మసకగా ఉన్నాయి. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా కేకేశాను.

"పైన మనిషుండాదప్పా! పైన మనిషుండాదీ!"

పక్క చేలో గొర్రెలు తోలుకుపోతున్నవాళ్ళు నాకేదో అయిందనుకుని నవ్వారు. వంకలోంచి ఒక తల పైకి లేచింది. ఎవరో ఆడమనిషి, చంకలో గడ్డి మోపు ఉంది. అంతసేపూ అక్కడే వంగి కోసుకుంటోందని నాకు తెలియనే తెలియదు.

"ఇనబడింది మే! నేనీడ గడ్డి కోసుకుంటా ఉండా!" అని కేకేసింది.